మర పోయిన గేరు నాబు

కారు కొన్నవాడు దాని ఇంజను జోలికి పోలేడు, రంగు మార్పించుటకు వెనుదీయును, సీట్లకు తొడుగులు వేయించుటతో సరిపెట్టుకొనును. కాని దినమునకు వందసార్లు అరచేతికి తగులు గేరు నాబును మాత్రము, కంపెనీ ఇచ్చినదానిని విప్పి పక్కన పడవేసి, తనకు నచ్చిన అల్యూమినియపు గుండునో, స్టీలు గోళమునో, నునుపు చేసిన చెక్క పిడినో బజారునుండి తెచ్చి బిగించుకొన్నగాని ఆ బండి తనదైనట్లు అతనికి తోచదు. ఈ ముచ్చటను పరిహసించువారితో నేను ఏకీభవింపను. ఎద్దుల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగించి సంతోషించిన పల్నాటి రైతు మనుమడు కారు గేరు రాడ్డునకు కొత్త నాబు తొడిగించుకొనుటలో వింత ఏమున్నది? పరిహాసమునకు తావిచ్చునది ముచ్చట కాదు, ఆ ముచ్చటను తీర్చుకొను తొందర. ముప్పాళ్ళలో నిన్న బిగించిన నాబు, సత్తెనపల్లి చేరకముందే, రెండవ గేరునుండి మూడవ గేరునకు మార్చబోవు వేళ, రాడ్డును వదలి చేతిలోనికి ఊడివచ్చినచో, ఎదుట పత్తి బోరెముల లారీ వచ్చుచున్న ఇరుకు రోడ్డుపై ఆ మనుష్యుని అవస్థ ఎట్టిదో ఊహించుకొనవచ్చును.

ఈ పుస్తకమున ఇంతవరకు మాటను గూర్చియు, కాలమును గూర్చియు, ధనమును గూర్చియు చెప్పితిని. ఈ అధ్యాయము చేతిని గూర్చినది. బలము ప్రయోగించుట ఎల్లరకును తెలియును. ఏ క్షణమున దానిని ఆపవలెనో చెప్పుచున్న లోహపు మాటను వేళ్ళతో వినుట మాత్రము అభ్యాసము వలన గాని రాదు. ఆ అభ్యాసమునకు మర పోయిన గేరు నాబు వంటి చిన్న పని మిక్కిలి అనువైనది; ఏలయన ఇందులో పొరపాటునకు చెల్లింపు వెంటనే జరుగును, అది కంటికి కనబడును, సామాన్యముగా కొన్ని వందల రూపాయలతో తీరును. అయితే ఒక షరతు కలదు. ఈ చెల్లింపు నాబు మీద పడవలెను గాని రాడ్డు మీద పడరాదు. నాబు బజారు వస్తువు. పోయిన మరియొకటి వచ్చును. రాడ్డు గేరు పెట్టెకు చెందిన అవయవము. దాని కొన చెడిన యెడల కన్సోలు విప్పవలెను, తోలు తొడుగు ఊడదీయవలెను, దినముల తరబడి బండి షెడ్డులో నిలువవలెను. ఈ అధ్యాయమున చెప్పబోవు ప్రతి ఉపాయమును ఈ తారతమ్యముపై ఆధారపడినదే.

మర అనగా ఏమి? ఒక వాలు దారిని కడ్డీ చుట్టును చుట్టినచో మర యగును. దానికి రెండు కొలతలు ముఖ్యములు. కడ్డీ వ్యాసము మొదటిది. ఒక శిఖరమునుండి మరుసటి శిఖరమునకు గల దూరము, అనగా పిచ్చు, రెండవది. 10×1.5 అని వ్రాసినచో పది మిల్లీమీటర్ల వ్యాసము, ఒకటిన్నర మిల్లీమీటరు పిచ్చు అని అర్థము. పూర్వము ఈ కొలతలు కర్మాగారమున కొక తీరుగా నుండెడివి; ఒక ఊరి బోల్టునకు మరియొక ఊరి నట్టు పట్టెడిది కాదు. 1841లో ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీల కోణముతో ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. 1864లో అమెరికాయందు విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణము మేలని వాదించి తన పద్ధతిని నెలకొల్పెను. నేటి మెట్రిక్ మరయు ఆ 60 డిగ్రీలనే అనుసరించుచున్నది. ఇంత చరిత్ర మనకేల అందురా? మన పల్లెలలో ఆ పాత కలహమింకను ముగియలేదు కనుక. పాత విల్లీస్ సంతతికి చెందిన జీపులయందును, విదేశీ నమూనాల ననుసరించి వచ్చిన పాత ట్రాక్టర్లయందును అంగుళపు మరలున్నవి. కార్లలో మిల్లీమీటరు మరలున్నవి. రెండు జాతుల నాబులును ఒకే షెడ్డులో ఒకే డబ్బాలో పడియుండును. ఎనిమిది మిల్లీమీటర్ల మరయు, అంగుళములో పదునారవ వంతులు ఐదు గల మరయు కంటికి కవలలు. వ్యాసములో తేడా మిల్లీమీటరులో పదవ వంతైనను లేదు. ఒకదానిపై మరియొకటి ఒకటి రెండు చుట్లు సుఖముగా ఎక్కును. ఆపై బిగిసిపోవును. అప్పుడు చేయి ఆగినచో ఏమియు కాదు. చేయి ఆగక, “కొత్తది గదా, బిగువుగా నుండుట సహజము” అని సమాధానము చెప్పుకొని, నాబుపై గుడ్డ వేసి మెలిపెట్టినచో అల్యూమినియపు మర తెగును.

అంగుళమునకు మిల్లీమీటరునకు నడుమనే కాదు, మిల్లీమీటరు మరలలో తమలో తమకును ఈ వైరము కలదు. హోండా కార్ల గేరు రాడ్డు సామాన్యముగా 10×1.5, టొయోటా కార్లది 12×1.25, నిస్సాన్ కార్లలో పెక్కింటిది 10×1.25. ఇప్పుడు 10×1.25 నాబును 10×1.5 రాడ్డుపై ఎక్కించితి ననుకొనుడు. వ్యాసము ఒక్కటే గనుక మొదట పట్టును. ప్రతి చుట్టునకును పావు మిల్లీమీటరు చొప్పున నాబు వెనుకబడును. మూడు చుట్లు తిరుగునప్పటికి ముప్పావు మిల్లీమీటరు తేడా వచ్చును. అది రాడ్డు పిచ్చులో సరిగా సగము. అనగా లోయలో కూర్చుండవలసిన శిఖరము శిఖరమునకే ఎదురుగా వచ్చి నిలిచినది. ఇక ముందునకు పోవలెనన్న రెండింటిలో మెత్తనిది తెగవలసినదే. నాబు అల్యూమినియమైన అది తెగును. నాబు గట్టి స్టీలైనచో, అయ్యో, రాడ్డు తెగును. ఈ లెక్క ఒకసారి మనస్సునకెక్కిన పిదప మూడవ చుట్టు వద్ద బిగువు తోచిన వెంటనే చేయి తనంతట తానే వెనుకకు తిరుగును.

ఇచ్చట మన ఊళ్ళలో ప్రత్యేకముగా పొంచియున్న ప్రమాద మొకటి చెప్పక తప్పదు. 1970వ దశకపు చివర యునిసెఫ్ తోడ్పాటుతో రూపొంది పల్లె పల్లెకును వ్యాపించిన ఇండియా మార్క్ 2 చేతి పంపును ఎరుగనివారు లేరు. బోరులోనికి దిగు దాని కడ్డీల కొనలకు 12×1.75 మర యుండును; పంపు మెకానిక్కుల సంచిలో ఆ కొలత మర కోయు డై తప్పక దొరకును. గేరు రాడ్డు మర కొంచెము నలిగినదని తెలిసిన వెంటనే ఎవరో ఒకరు, “పంపు మెకానిక్కు దగ్గర పన్నెండు డై ఉంది, తెస్తానుండు” అని పరుగెత్తును. వ్యాసము సరిపోవును; సందేహము లేదు. కాని పిచ్చు 1.75. టొయోటా రాడ్డు 1.25. ఆ డైని ఒక్క చుట్టు త్రిప్పినచో, అంతవరకు నలిగియున్న మర అడ్డముగా కోయబడి, రెండు మరల కొలతయు కాని మూడవ వికారమొకటి మిగులును. ఉపకారబుద్ధితో తెచ్చిన పనిముట్టు గనుక కాదనుటకు మొగమాటము కలుగుట సహజమే. ఐనను ఈ ఒక్కచోట మొగమాటమును విడిచిపెట్టుడు.

మర పోయినదనుట సులభము. ఎవరి మర పోయినదో తేల్చుట చికిత్సలో సగము. సత్తెనపల్లిలోనో నరసరావుపేటలోనో లేతు షెడ్డు ముందు కొంతసేపు నిలిచినవారికి ఇట్టి సంభాషణ వినబడకపోదు.

“బాబాయ్, నాబు త్రెడ్డు పోయింది. రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టి బిగించెయ్యవా.”

“ఎవరిది పోయిందిరా అబ్బాయ్? నాబుదా, రాడ్డుదా?”

“తిరుగుతానే ఉంది బాబాయ్, పట్టట్లా.”

“అది నాకు చెప్పబాక, ఊడదీసి చూసుకురా పో. నాబుదైతే పూట పని. రాడ్డుదైతే ఎల్లుండి దాకా బండి ఇక్కడే.”

ఆ మేస్త్రి చెప్పినదానిలో శాస్త్రమంతయు ఇమిడియున్నది. నాబును ఊడదీసి, రాడ్డు కొనను కిరసనాయిలుతో తడిపిన పాత బ్రష్షుతో శుభ్రముగా తోమవలెను. మరల సందున వెండివలె మెరయు సన్నని తీగముక్కలు చుట్టుకొనియున్నచో సంతోషింపుడు. అవి నాబు లోపలి అల్యూమినియము, అనగా పోయినది నాబు మరయే, రాడ్డు క్షేమముగా నున్నది. ఆ తీగలను గుండుసూదితో ఎత్తి తీసివేసినచో దిగువ స్టీలు మర చెక్కుచెదరక కనబడును. అట్లు కాక శిఖరములు చదునై, ఒకవైపు వాలి, గోరు నడిపినప్పుడు లెక్కకు అందక జారినచో రాడ్డునకే గాయమైనదని గ్రహింపవలెను. కొన్ని నాబులకు మరయే యుండదు. ప్లాస్టిక్ తొడుగొకటి పెట్టి ప్రక్కనుండి మూడు చిన్న గ్రబ్ స్క్రూలను అలెన్ కీతో బిగించుదురు. ‘ఏ కారుకైనా సరిపోవును’ అని పెట్టెపై అచ్చువేయు సరకు తరచుగా ఇదియే. ఈ స్క్రూల మొనలు రాడ్డు మరలలో గ్రుచ్చుకొని గుంటలు పెట్టును. తరువాత మంచి మర నాబు తెచ్చినను ఆ గుంటల అంచులే దానిని కొరికివేయును. అన్ని కార్లకును సరిపోవు వస్తువు ఏ కారునకును సరిగా సరిపోదని నా నిశ్చితాభిప్రాయము.

రాడ్డు కొలత తెలియుటకు ఖరీదైన పరికరము లక్కరలేదు. పెన్సిలు మొనను మరలపై రుద్ది, తెల్లకాగితపు పట్టీని దానిపై గట్టిగా అదిమి, పడిన గీతలను స్కేలుతో కొలువుడు. పది పిచ్చుల పొడవు 12.5 మిల్లీమీటర్లైన పిచ్చు 1.25, 15 మిల్లీమీటర్లైన 1.5, 17.5 అయిన 1.75. పది పిచ్చులనగా పదునొకండు గీతలని మరువకుడు. ఇంకను సుళువైన పరీక్ష, తెలిసిన కొలత గల నట్టును వ్రేళ్ళతో ఎక్కించి చూచుట. మారుతి కార్ల చక్రపు నట్టు సామాన్యముగా 12×1.25, అది టొయోటా గేరు రాడ్డుపై వ్రేళ్ళ బలముతోనే చక్కగా దిగును. ఇనుప సామాను దుకాణమున మామూలుగా దొరకు పది మిల్లీమీటర్ల నట్టు 10×1.5; హోండా రాడ్డునకు అదియే కొలమానము. నట్టు వ్రేళ్ళతో చివరివరకు దిగినచో రాడ్డు ఆరోగ్యముగా నున్నట్లే. పానా పట్టవలసి వచ్చినచో ఆపుడు.

రాడ్డు మర కొంచెముగా నలిగిన పక్షమున చికిత్స రాడ్డుపైననే జరుగవలెను గాని లోహమును తగ్గించు చికిత్స కారాదు. సాధారణముగా పాడగునది పై రెండు మూడు చుట్లే. క్రింది చుట్లు నిక్షేపముగా నుండును. పాత మేస్త్రీలు దీనికొక చక్కని ఉపాయము చేయుదురు. సరియైన కొలత నట్టును హాక్సా బ్లేడుతో నిలువున రెండు చెక్కలుగా కోసి, ఆ చెక్కలను క్రింది మంచి మరలపై ఇరువైపుల నుంచి, లాకింగ్ ప్లయరుతో అదిమిపట్టి, నూనె చుక్క వేసి, మెల్లగా పైకి త్రిప్పుచు వచ్చెదరు. మంచి మర దారి చూపును. నట్టు నలిగిన మరను ఆ దారికి తెచ్చును. పైనుండి డై కొట్టుటలో గల భయము, అనగా మొదటి చుట్టు వంకరగా పడి కొత్త దారి కోసుకొనుట, ఇందులో లేదు. దీనితో లొంగనప్పుడు మాత్రమే డై పట్టవలెను. అదియు నోరు చీలిన గుండ్రని డైయై, దాని చీలికలోని చిన్న స్క్రూతో మొదట కొంచెము వెడల్పు చేసినదై యుండవలెను. రాడ్డు కొనను ఆకురాయితో కొద్దిగా వాలుగా అరగదీసి, డై సమముగా కూర్చున్నదని నాలుగు దిక్కులనుండియు చూచిన తరువాత, సగము చుట్టు ముందునకు, పావు చుట్టు వెనుకకు త్రిప్పుచు పోవలెను. ఆ పావు చుట్టు వెనుకకు పోవుట సోమరితనము కాదు. తెగిన ముక్క అప్పుడు విరిగి బయటపడును. విరుగని ముక్క మరలో చుట్టుకొని మరనే చీల్చును. పని మొదలుపెట్టుటకు ముందు గేరు తోలుపై గుడ్డ కప్పుడు. ఇనుప రజను లోపలికి రాలి చేరినచో తరువాత దానిని ఏరుట ఎవరి తరమును కాదు.

ఇక నాబు మర పోయిన సందర్భము. వందకు తొంబది అని నేను లెక్క చెప్పను గాని, ఎక్కువగా ఎదురగునది ఇదియే. మనకు మేలైనదియు ఇదియే. దీనికి మూడు దారులున్నవి. మొదటిది తీగచుట్ట. హెలికాయిల్ అను పేరుతో దొరకు ఈ స్టెయిన్‌లెస్ స్టీలు చుట్టను పెట్టుటకు పాత రంధ్రమును కొంచెము పెద్దది చేసి, దానికై ప్రత్యేకించిన ట్యాపుతో మర కోసి, చుట్టను లోపలికి త్రిప్పి, అడుగున నున్న చిన్న కొక్కెమును విరుచుదురు. 10×1.5 కొలతకు 10.4 మిల్లీమీటర్ల డ్రిల్లు చాలును. నాబు మెడ సన్నగా నున్నప్పుడు ఇది ఉత్తమము. చిక్కేమనగా, ఆ ప్రత్యేకపు ట్యాపు పల్లెలో దొరకదు, పట్టణమునను అన్ని షెడ్డులలో నుండదు. ఒక్క నాబు కొరకు మొత్తము సెట్టు కొనుట నాబు ఖరీదును మించును. విజయవాడ ఆటోనగరునకు వేరొక పనిపై పోవునప్పుడు నాబును జేబులో వేసుకొని పోయినచో అచ్చట పని జరుగును.

రెండవ దారి బుష్షు. మన పరిసరములలో ఏ లేతు షెడ్డులోనైనను జరుగదగిన పని ఇది. మన్నికలో నేను దీనికే మొదటి పీట వేసెదను. పది మిల్లీమీటర్ల మర గల నాబును ఉదాహరణముగా తీసికొందము. నాబును మెత్తని గుడ్డలో చుట్టి లేతు చక్కులో పట్టించి, లోపల తెగిన మరను పూర్తిగా తీసివేసి, 14.5 మిల్లీమీటర్ల రంధ్రము చేయుదురు. దానిలో 16×1.5 ట్యాపు కొట్టుదురు. ఈ అంకెలు కంఠస్థము చేయనక్కరలేదు. వ్యాసమునుండి పిచ్చును తీసివేసిన మిగులునదే డ్రిల్లు కొలత. పదునారు నుండి ఒకటిన్నర తీసివేయగా పదునాలుగున్నర. పది నుండి ఒకటిన్నర తీసివేయగా ఎనిమిదిన్నర. పిమ్మట స్టీలు కడ్డీ ముక్కను తరిమెన పట్టి, బయట 16×1.5 మరయు, లోపల 10×1.5 మరయు కోసి, అడుగున పలుచని అంచొకటి విడిచి, నాబులో బిగింతురు. ఇట్లు చేసిన బుష్షు గోడ సన్నని చోటనైనను రెండు మిల్లీమీటర్ల మందముండును, అది చాలును. పదునాలుగు మిల్లీమీటర్ల బయటి మరతో సరిపెట్టెదనని మేస్త్రి అనవచ్చును. అప్పుడు గోడ మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే మిగులును గనుక నాబు మెడ మరీ సన్నమైనప్పుడు తప్ప ఒప్పుకొనకుడు. బుష్షునకు ఇత్తడి వాడవచ్చునా అని అడుగుదురు. వాడవచ్చును, ఇత్తడి రాడ్డు కంటె మెత్తన గనుక అరిగినను తానే అరుగును, రాడ్డును అరుగనీయదు. మాటిమాటికి నాబు మార్చు మోజు గలవారికి స్టీలు కంటె ఇత్తడియే మంచిది.

ఈ పనిలో మూడుచోట్ల మేస్త్రి ప్రక్కన నిలుచుండి చూడుడు. మొదటిది, రంధ్రము నాబు నడుమ నిట్టనిలువుగా పడినదా యనునది. అర డిగ్రీ వాలినను నాబు బిగిసిన తరువాత తల వంచుకొని నిలుచును, దానిపై చెక్కిన గేరు అంకెల పటము ఎటో చూచును. రెండవది, నాబు రంధ్రము అడుగు మూసికొనియుండునది గనుక, ట్యాపు సెట్టులోని మూడింటిలో చివరిది, అనగా మొన లేని ట్యాపు, పూర్తిగా అడుగుదాక దిగినదా యనునది. పని తొందరలో రెండవ ట్యాపుతోనే ఆపివేయుట కద్దు. అల్యూమినియమునకు ట్యాపు కొట్టునప్పుడు కిరసనాయిలు చుక్కలు వేయుచుండవలెను. వేయకున్నచో మెత్తని లోహము ట్యాపు పళ్ళకు అతుకుకొని మరను పీకివేయును. మూడవది, బుష్షు నాబుతో కలసియే తిరుగునట్లు కట్టడి చేసిరా యనునది. దీనికి మంచి పద్ధతి, బుష్షును నాబును కలియు గీతపైననే, సగము బుష్షులోను సగము నాబులోను పడునట్లు మూడు మిల్లీమీటర్ల రంధ్రము వేసి చిన్న పిన్ను దిగగొట్టుట. ఈ పిన్ను లేనియెడల, ఏ నాడో నాబు విప్పబోయినప్పుడు బుష్షు రాడ్డుపైననే మిగిలిపోయి నాబు ఒక్కటే చేతికి వచ్చును.

మూడవ దారి జిగురు. దీనిని గూర్చి ఎక్కువ చెప్పను. రాడ్డు మరకు మైనము పూసి, నాబు రంధ్రములో అరాల్డైట్ గాని ఎం-సీల్ గాని నింపి, ఎక్కించి, గట్టిపడిన పిదప విప్పినచో లోపల మర అచ్చు పడునని చెప్పుదురు, పడును కూడ. కాని తలుపులు మూసిన కారు వేసవిలో రెంటచింతల ఎండకు నిలిచినప్పుడు లోపలి వేడి అరువది డిగ్రీలు దాటుట కష్టము కాదు. మామూలు ఎపాక్సీ జిగురు ఆ వేడిలోనే మెత్తబడుట ఆరంభించును. మెత్తని మర, కాలుచున్న నాబు, ఎదుట మలుపు. పెండ్లికి పోవుటకు ఆ ఒక్క పూట గడువవలెనన్న తప్ప ఈ దారి పట్టకుడు. మైనము పూయుట మరచినచో నాబు రాడ్డునకు శాశ్వతముగా అతుకుకొనును. అప్పుడు దానిని కోసి తీయవలసినదే.

రాడ్డు మర పూర్తిగా పోయిన దుర్దశయు ఒకప్పుడు సంభవించును. పన్నెండు మిల్లీమీటర్ల రాడ్డు నిండు కడ్డీయైనచో దానిని పదికి తగ్గించి కొత్త మర కోసి, పది మర నాబు తొడుగవచ్చును. బోలు గొట్టమైనచో ఈ ఆలోచనే వలదు. రాడ్డుపై వెల్డింగుతో లోహము పెంచి తిరిగి మర కోయుటయు సాధ్యమే. కాని రాడ్డును బండినుండి విప్పి తీసినప్పుడు మాత్రమే. బండిలో నుండగనే వెల్డింగు పెట్టినచో వేడికి అడుగున నున్న ప్లాస్టిక్ బుష్షులు కరుగును, తోలు కాలును, కరెంటు పోరాని చోట్లకు పోవును. “రెండు చుక్కలు పెట్టెయ్యి” అన్న మాట ఇచ్చట చెల్లదు. నాబునే రాడ్డునకు వెల్డింగు చేయించుకొన్నవారు తరువాత గేరు తోలు మార్చవలసి వచ్చిననాడు రంపము పట్టుకొని కూర్చుందురు.

ఇక బిగించుట. నాబును రాడ్డుపై నుంచి, ముందుగా వెనుకకు, అనగా విప్పు దిక్కునకు త్రిప్పుడు. ఒకచోట నాబు ‘టక్’ మని రవంత క్రిందికి దిగినట్లు అరచేతికి తెలియును. మర కొన మరదారిలో పడిన క్షణమది. అక్కడినుండి ముందునకు త్రిప్పినచో మర ఎన్నడును వంకరగా ఎక్కదు. ఈ ఒక్క అలవాటు వలన ఇంటిలోని నీళ్ళ సీసా మూతనుండి స్పార్కు ప్లగ్గువరకు అనేక మరలు బ్రదుకును. నాబునకు క్రింద లాకు నట్టు ఒకటి యుండవలెను; నాబు అంకెల పటము సూటిగా వచ్చు చోట ఆపి, నట్టును పైకి తెచ్చి నాబు అడుగునకు బిగింపవలెను. లాకు నట్టు లేకయే అంకెలు సూటిగా రావలెనని నాబును మరియొక అర చుట్టు బలవంతముగా త్రిప్పుటచేతనే పెక్కు మరలు పోవుచున్నవి. నాబు ఊగులాడకుండుట కంటె మరకు మంచి మందు లేదు. ఊగులాడు నాబు గేరు మార్చిన ప్రతిసారియు క్రింది చుట్లను కొంచెము కొంచెముగా కొరుకుచునే యుండును.

లోహపు నాబునకు మరలు పట్టియుంచు ద్రవము, అనగా లాక్‌టైట్ జాతిది, ఒక చుక్క వేయవచ్చును; నీలిరంగు రకమే వాడవలెను, ఎరుపు రకము వేసినచో వేడిచేసిన గాని ఊడదు. ప్లాస్టిక్ నాబులకును, ప్లాస్టిక్ తొడుగు గల నాబులకును ఏ రంగుదియు వలదు. ఈ ద్రవమునకు కొన్ని జాతుల ప్లాస్టిక్ పగుళ్ళు బారును. వానికి టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చాలును. వేసవి వేడికి అల్యూమినియము స్టీలు కంటె ఎక్కువగా వ్యాకోచించును గనుక నాబు వదులగునని కొందరు చెప్పుదురు. వ్యాకోచించుట నిజమే. కాని పన్నెండు మిల్లీమీటర్ల మరలో నలుబది డిగ్రీల వేడికి వచ్చు తేడా మిల్లీమీటరులో రెండు వందలవ వంతు మాత్రమే. నాబు వదులగుటకు కారణము ఎండ కాదు, లాకు నట్టు లేకపోవుటయే.

కొన్ని కార్లలో రివర్సు గేరు వేయుటకు నాబు క్రింది రింగును పైకి ఎత్తవలసియుండును. కొత్త నాబు ఆ రింగునకు అడ్డముగా కూర్చున్నదేమో రోడ్డెక్కక ముందే, ఇంజను ఆపియుండగనే, అన్ని గేర్లును వేసి చూచుకొనుడు. ఆటోమేటిక్ కార్ల నాబులో మీటయు దాని కడ్డీయు ఉండును. వానికి ఈ అధ్యాయము వర్తింపదు. మర బాగుచేయించిన తరువాత మొదటి వారములో ఒకసారి వ్రేళ్ళతో లాకు నట్టును పరీక్షింపుడు. మొదట విప్పిన కంపెనీ నాబును మాత్రము పారవేయక, సంచిలో చుట్టి డిక్కీలో ఉంచుడు. లేతు షెడ్డులో మీ నాబు పడియున్న దినములలో బండి నడచునది దానితోనే, బండి అమ్మునాడు కొనువాడు మొదట అడుగునదియు దానినే.